వానలకు ముందు ఆర్డీని నిలబెట్టడం, సంక్రాంతికి తిరిగి లేపడం

(తిరుపతిలో పాత మోటార్‌సైకిళ్ల యజమానులు, మెకానిక్‌ల సమావేశంలో అక్టోబర్ మొదట్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చోండి. మధ్యలో ఈ క్రాంకునూ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) సీళ్లనూ చేతికిచ్చి చూపిస్తాను.

చలికాలంలో పాత బండి సంరక్షణ అని విదేశీ మాన్యువళ్లు తిరగేస్తే మొదటి పేజీలోనే గడ్డకట్టే నీళ్లు, రోడ్డు మీద చల్లే ఉప్పు కనిపిస్తాయి. మనకు ఆ బాధ లేదు. తిరుపతి, చిత్తూరు వైపు చలికాలం వానతో మొదలవుతుంది. అక్టోబర్ నడిమి నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో ఒకటో రెండో వాయుగుండాలు, అవి అయ్యాక సంక్రాంతి దాటేదాకా తెల్లవారుజాముల్లో చెమ్మ. ఈ మూడు నెలలూ మన ఆర్డీ 350, అదే రాజ్‌దూత్ మోటార్‌సైకిల్, మెట్ల కిందో, షెడ్డులోనో నిలబడి ఉంటుంది. జనవరిలో బయటికి తీసి నాలుగు కిక్కులు కొడితే స్టార్ట్ అవుతుంది కూడా. స్టార్ట్ కావడమే చిక్కు. స్టార్ట్ అయింది కదా అని రేణిగుంట రోడ్డెక్కి ఎనభై స్పీడులో పోతారు, కాసేపటికి ఒక సిలిండర్ పట్టేస్తుంది, అంటే లోపలి పిస్టన్ గోడకు బిగుసుకుని జామ్ అవుతుంది. అందరూ పెట్రోల్‌ను తిడతారు, పిస్టన్ కంపెనీని తిడతారు. ఆ జామ్ రోడ్డు మీద పుట్టింది కాదు, నవంబర్‌లో షెడ్డులోనే తయారైంది. ఈ రోజు చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు ఇంజన్ సంగతి. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా లైసెన్సుతో రాజ్‌దూత్ పేరు మీద ఇక్కడ తీసుకొచ్చిన బండి ఇది. 64 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 54 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), రెండు సిలిండర్లు కలిపి 347 సీసీ. మొదట వచ్చిన హైటార్క్ మోడల్ 30.5 హార్స్‌పవర్, తర్వాతి లోటార్క్ మోడల్ 27. ఫోర్‌స్ట్రోక్ బండికైతే క్రాంకు కింద లీటర్ల కొద్దీ ఆయిల్ ఉంటుంది. ఇది టూస్ట్రోక్, ఇందులో క్రాంకు గది ఖాళీ. పెట్రోల్, గాలి, కాసింత ఆయిల్ కలిసిన ఆవిరి మాత్రమే ఆ బేరింగులను తడుపుతుంది. గేర్‌బాక్సులో లీటరున్నర దాకా ఆయిల్ ఉన్నా అది అవతలి గది, ఒక్క చుక్క ఇటు రాదు, రాకూడదు. బండి ఆగితే ఆ పలచని ఆయిల్ పొర కొద్ది రోజులకు కిందికి జారిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. దాంతో బేరింగు రోలర్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఈ క్రాంకు చూడండి, కుడివైపు చివరి బేరింగు మీద గోరుతో గీస్తే తగిలే గుంటలు, అవే. ఇక క్రాంకు చివర్లలో గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు సీలు పెదవి ఎండి షాఫ్టుకు అతుక్కుంటుంది. మొదటి కిక్కుకే ఆ పెదవి చిరుగుతుంది. చిరిగిన చోటునుంచి గాలి లోపలికి పోతుంది. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు, పలచబడితే వేడి, వేడెక్కితే పిస్టన్ ఉబ్బి బోరును పట్టుకుంటుంది. ఆర్ఎక్స్ 100 ఉన్నవాళ్లకూ ఇదే లెక్క, సిలిండర్ ఒకటే కాబట్టి ఖర్చు సగం.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ మూడు నెలలు బండి నడుపుతారా, నిలబెడతారా? రెండూ మంచివే. మధ్యరకం చెడ్డది. ఆదివారం ఆదివారం స్టాండు మీద స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అరిపించి ఆపేయడం ఉంది చూశారూ, దానికన్నా ముట్టుకోకుండా వదిలేయడం మేలు. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీళ్లయి కూర్చుంటుంది. నడిపితే పదిహేను, ఇరవై కిలోమీటర్లయినా నడపండి. లేదంటే సరిగ్గా నిలబెట్టండి.

నిలబెట్టడం ఒక సాయంత్రం పని. ట్యాంకు గొంతుదాకా నింపండి, లేకపోతే పూర్తిగా ఖాళీ చేయండి. సగం ట్యాంకు వద్దు. పైన ఖాళీ జాగాలో రాత్రి చల్లబడినప్పుడు చెమ్మ పడుతుంది, తుప్పు అక్కడినుంచే మొదలు. నెల లోపయితే నింపి పెట్టడం సరిపోతుంది. మూడు నెలలకైతే ఖాళీ చేసి, 100 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్ పోసి, ట్యాంకును అన్ని వైపులకూ తిప్పి మూత పెట్టండి. ముఖ్యంగా ఇంజన్‌కు ఆయిల్‌ను విడిగా అందించే ఆటోల్యూబ్ పంపు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకునేవాళ్లు, మనవైపు వాళ్లే ఎక్కువ, ట్యాంకులో పెట్రోల్ అసలు ఉంచకండి. చెమ్మ ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోల్‌నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. ఆయిల్ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. జనవరిలో ట్యాప్ తిప్పగానే ముందుగా దిగేది ఆ అడుగునున్న నీళ్లు కలిసిన ఇథనాల్. అందులో ఆయిల్ లేదు.

కార్బొరేటర్లలో పెట్రోల్ తీయడానికి చాలామంది ట్యాప్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడుపుతారు. ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో నడిచే బండికి అది మంచిది కాదు. చివరి అరనిమిషం పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గిపోతూ ఇంజన్ తిరుగుతుంది. కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే బౌల్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ తిప్పి గిన్నెలోకి వదిలేయండి, రెండు నిమిషాల పని.

తర్వాత ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో 10 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్ పోయండి. మెడికల్ షాపులో దొరికే సిరంజి చాలు. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి కిక్కును చేత్తో నెమ్మదిగా ఏడెనిమిదిసార్లు నొక్కండి. ప్లగ్గులు తిరిగి బిగించండి. ఈ ఇంజన్‌లో ఒక పిస్టన్ పైకెళ్తే రెండోది కిందికొస్తుంది. ఎక్కడ ఆపినా రెండింట్లో ఒకదాని పోర్టులు (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే కన్నాలు) తెరిచి ఉండే అవకాశమే ఎక్కువ, బయటి గాలి సైలెన్సర్‌లోంచి తిన్నగా బోరులోకి చేరుతుంది. అందుకే సైలెన్సర్ల మూతులకు ఆయిల్ గుడ్డ కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు కట్టండి. కందిరీగల మట్టిగూళ్ల బెడద కూడా తప్పుతుంది. గుడ్డ కుక్కిన సంగతి ఒక చీటీ మీద రాసి తాళానికి కట్టండి, జనవరికి ఎవరికీ గుర్తుండదు.

బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. ఆర్డీలో ఇగ్నిషన్ బ్యాటరీ మీదే ఆధారపడుతుంది. ఆల్టర్నేటర్‌లో శాశ్వత మాగ్నెట్ లేదు, రోటర్‌కు కరెంటు ఇస్తేనే అది కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా కాళ్ల నొప్పులే. మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2కు పడితే సగమే ఉన్నట్టు. నెలకోసారి అర ఆంపియర్‌తో నెమ్మదిగా ఛార్జి చేయండి. షాపులో ఐదు ఆంపియర్లు పెట్టి గంటలో ఇచ్చేస్తామంటారు, చిన్న బ్యాటరీ ప్లేట్లు వంకరపోతాయి.

బండిని సెంటర్ స్టాండు మీద, చెక్కపలక మీద నిలబెట్టండి. సిమెంటు గచ్చులోంచి చెమ్మ పైకొస్తుంది. టార్పాలిన్ కప్పొద్దు, లోపల ఆవిరి పట్టి క్రోము మీద చుక్కలు లేస్తాయి. పాత నూలు పంచో, దుప్పటో చాలు.

ఇప్పుడు లేపడం. టైమంతా దీనికే కేటాయించాలి.

స్టార్ట్ చేసే ముందే ఇంజన్‌లో గాలి ఎక్కడైనా లీకవుతోందేమో పరీక్షించాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. డాక్టర్లు వాడే బీపీ మిషన్, డయలు ఉన్నది, చాలు. కార్బొరేటర్లు విప్పండి. రెండు ఇన్‌టేక్ రబ్బర్లలో ఒకదానికి సరిపోయే చెక్క బిరడా పెట్టి క్లిప్పు బిగించండి. రెండోదానికి మధ్యలో సన్నటి గొట్టం దిగేసిన బిరడా. సైలెన్సర్లు విప్పి ఎగ్జాస్టు పోర్టులకు రబ్బరు బిరడాలు. ప్లగ్గులు బిగించే ఉండాలి. రెండు సిలిండర్ల క్రాంకు గదుల మధ్య ఉన్నది రబ్బరు సీలు కాదు, లాబిరింత్ సీలు, అంటే షాఫ్టుకు తగలకుండా గాడులతో గాలిని అడ్డుకునే లోహపు సీలు. దాంట్లోంచి గాలి కొంచెం అటూ ఇటూ పోతుంది. కాబట్టి ఒక్క సిలిండర్‌నే మూసి పరీక్షిస్తే లెక్క తప్పుతుంది, రెండూ మూయాల్సిందే. ఇప్పుడు బీపీ బల్బుతో డయలు 300కు ఎక్కించండి, అది దాదాపు 6 పీఎస్‌ఐ. అంతకు మించి పోవద్దు, కంప్రెసర్ గాలి అసలు పెట్టొద్దు, మంచి సీలు కూడా ఊడొస్తుంది. ఆరు నిమిషాలు చూడండి. ముల్లు నిమిషానికి 50కి మించి పడితే లీకు ఉన్నట్టు. కొత్త సీళ్లు వేసిన ఇంజన్‌లో ముల్లు దాదాపు కదలదు. ఒక పిస్టన్ కిందికి ఉంచి ఒకసారి, క్రాంకు అర చుట్టు తిప్పి రెండోసారి చేయండి.

లీకు ఉంటే సబ్బు నీళ్లు. ఇన్‌టేక్ రబ్బర్ల చుట్టూ, సిలిండర్ కింది గ్యాస్కెట్, హెడ్డు, ఆల్టర్నేటర్ కవరు విప్పి రోటర్ వెనక. ఎక్కువ సందర్భాల్లో నేరస్థుడు ఇన్‌టేక్ రబ్బరే. పైకి బాగానే ఉంటుంది, వంచి చూస్తే అడుగున వెంట్రుకవాసి పగుళ్లు. దానికి ఎం-సీల్ పూసి సరిపెట్టకండి, కొత్తది వేయండి. ఎక్కడా బుడగ రాకుండా ముల్లు మాత్రం పడుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ మూత తీసి చెవి పెట్టండి. బుసబుస వినిపిస్తే గేర్‌బాక్స్ వైపున్న క్రాంకు కుడి సీలు పోయింది.

ఎడమ సీలు, కుడి సీలు పోతే లక్షణాలు వేరువేరు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎడమది పోతే గాలి లాగుతుంది: ఐడ్లింగు ఉన్నట్టుండి పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఆర్పీఎం వెంటనే దిగదు, ఆ వైపు ప్లగ్గు తెల్లబడుతుంది. కుడిది పోతే గేర్‌బాక్స్ ఆయిల్ లాగుతుంది: తెల్లటి పొగ, ఒక వైపు ప్లగ్గు తడి, గేర్ ఆయిల్ లెవెల్ తగ్గుతూ పోతుంది. పొగ వచ్చే బండికి కంగారు పడతారు, పొగ రాని బండి మీద నిశ్చింతగా పోతారు. పిస్టన్‌ను తినేది పొగరాని లీకు. సీళ్లు మార్చేటప్పుడు విటాన్ రకం అడగండి, ఇథనాల్‌కు తట్టుకుంటాయి. పెదవికి గ్రీజు రాయకుండా పొడిగా దిగ్గొట్టడం మన షెడ్లలో మామూలు. అదొక్కటి మానేసినా సీలు ఎక్కువ రోజులు వస్తుంది.

ఆటోల్యూబ్ ఉంచుకున్నవాళ్లు ఆయిల్ ట్యాంకు అడుగున నీళ్లు చేరాయేమో చూడండి. మూత వదులైతే వాన నీళ్లు దిగుతాయి, నీళ్లు ఆయిల్ కన్నా బరువు, అడుక్కు పోతాయి, పంపు లాగేది అడుగునుంచే. పైపు ఊడదీసి మొదటి 50 మి.లీ. గాజు గ్లాసులోకి వదిలితే తెలిసిపోతుంది. పైపు ఊడదీశాక పంపు బ్లీడ్ స్క్రూ తిప్పి బుడగలు పోయేదాకా గాలి తీయాలి. పంపు కనీస స్ట్రోకు 0.20 నుంచి 0.25 మి.మీ. ఉండాలి, ఫీలర్ గేజితో కొలవండి. నమ్మకం కుదరకపోతే మొదటి ట్యాంకుకు లీటరుకు 20 మి.లీ. ఆయిల్ అదనంగా కలుపుకోండి. పొగ వస్తే రానివ్వండి. పంపు లేనివాళ్లు మామూలుగానే లీటరుకు 30 మి.లీ., కొత్త బోరు అయితే మొదటి 500 కిలోమీటర్లు 40.

గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం బయటికి తీసి రంగు చూడండి. పలచని మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, మార్చండి. కారు ఇంజన్ ఆయిల్ పోయొద్దు, అందులో జారుడు మందులుంటాయి, క్లచ్చు జారుతుంది.

ఇగ్నిషన్ పాయింట్లకు వద్దాం, అవి విడిపోయినప్పుడే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. రెండు సిలిండర్లకు రెండు జతలు. చెమ్మకు వాటి మీద బూడిద రంగు పొర పడుతుంది, మీటరు పెడితే రెసిస్టెన్సు చూపిస్తుంది. ఎమరీ కాగితంతో రుద్దకండి, దాని ఇసుక అందులో ఇరుక్కుని మళ్లీ కాలుస్తుంది. సన్నటి పాయింట్ ఫైలుతో ఒకసారి, తర్వాత పెట్రోల్‌లో తడిపిన విజిటింగ్ కార్డు ముక్క మధ్యలో పెట్టి లాగండి. గ్యాపు 0.30 నుంచి 0.40 మి.మీ., నడిమిన 0.35 పెట్టండి. గ్యాపు పెట్టాకే టైమింగు. గ్యాపు మారితే టైమింగు మారుతుంది కాబట్టి తిరగేస్తే పనంతా వృథా. ప్లగ్గు కన్నంలో డయల్ గేజి పెట్టి, పిస్టన్ పైకొచ్చేందుకు ఇంకా 2 మి.మీ. ఉందనగా పాయింట్లు విడిపోవాలి. పాయింట్ మడమ అరిగితే గ్యాపు తగ్గి టైమింగు వెనక్కి పోతుంది, బండి మందగిస్తుంది. అది అంత ప్రమాదం కాదు. గ్యాపు పెరిగి ముందుకు పోతే పిస్టన్ తలకు కన్నం పడుతుంది. పాయింట్ల దగ్గర నీలం మెరుపులు ఎక్కువగా కనిపిస్తే కండెన్సర్ మార్చండి. కామ్‌ను తాకే ఫెల్టు మీద ఒక్క చుక్క ఆయిల్, రెండో చుక్క పాయింట్ల మీద పడుతుంది.

బ్రేకులు. యమహా విదేశాల్లో ముందు చక్రానికి డిస్కు ఇచ్చింది, మన రాజ్‌దూత్‌కు డ్రమ్ము వచ్చింది. రెండు షూలూ ముందుకు పట్టే రకం. సరిగ్గా సర్దితే మంచి బ్రేకే, చాలా బండ్లలో ఒక షూ మాత్రమే పనిచేస్తూ ఉంటుంది. రెండు లివర్లను కలిపే కడ్డీని ఒక వైపు విప్పండి. రెండు లివర్లనూ విడివిడిగా చేత్తో షూ తగిలేదాకా తిప్పి, ఆ స్థితిలో కడ్డీ పొడవు సరిగ్గా సరిపోయేలా నట్టు తిప్పి బిగించండి. అంతే. లైనింగు 2 మి.మీ. కన్నా తక్కువుంటే మార్చండి. డ్రమ్ములో దుమ్మును కంప్రెసర్‌తో ఊదకండి, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

ఇక ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను, 2021 నవంబర్‌లో తిరుపతిలో వచ్చినట్టు నీళ్లొచ్చి బండి ఇంజన్‌దాకా మునిగితే కిక్కు కొట్టకండి. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులు, కార్బొరేటర్లు, సైలెన్సర్లు విప్పి, ప్లగ్గులు లేకుండా తిప్పి నీళ్లు కక్కించి, రెండు సిలిండర్లలోనూ ధారాళంగా ఆయిల్ పోయండి. గేర్ ఆయిల్ రెండుసార్లు మార్చండి. ఒక రోజు లోపల ఇదంతా జరిగితే క్రాంకు బతుకుతుంది. వారం నానితే క్రాంకు విప్పాల్సిందే, బేరింగులు మార్చకుండా తోసుకొస్తే మళ్లీ విప్పుతారు.

ప్రశ్నలుంటే అడగండి.

(చలికాలంలో కార్బొరేటర్ జెట్టు, అంటే పెట్రోల్ కొలత ప్రకారం దిగే సన్నటి కన్నమున్న ముక్క, మార్చాలా అని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న అన్నా. మే నెల 40 డిగ్రీల ఎండలో సెట్ చేసిన కార్బొరేటర్ జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీల్లో 7, 8 శాతం ఎక్కువ గాలి లాగుతుంది. పెట్రోల్ ఆ మేరకు పెరగదు. అంటే మిశ్రమం పలచన. దీనిమీద 20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఇంకో 7 శాతం దాకా పలచన చేస్తుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. పాత పెట్రోల్‌కు ఎండాకాలంలో సెట్ చేసిన బండికి ఈ రెండూ కలిస్తే చాలా ఎక్కువ. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు విప్పి అక్కడినుంచి సర్దుకోండి. ఎయిర్ స్క్రూ విప్పితే పలచబడుతుంది, బిగిస్తే చిక్కబడుతుంది, తారుమారు చేసేవాళ్లు చాలామంది. హార్స్‌లీ హిల్స్ మీద మాత్రం లెక్క వేరు. దాదాపు 1,260 మీటర్ల ఎత్తులో గాలే పలచన, చలి పెంచినదాన్ని ఎత్తు తగ్గించేస్తుంది. కొండ మీద బండి బాగా లాగిందని అదే సెట్టింగుతో తెల్లారి మదనపల్లె రోడ్డు మీద వేగంగా పోతే జామ్ అవుతుంది. కింది రోడ్డుకే సెట్ చేయండి, కొండ మీద కాస్త గురగురమన్నా పర్వాలేదు.

చోక్ లాగినప్పుడు యాక్సిలరేటర్ తిప్పకండి. ఈ మికునీ కార్బొరేటర్లలో స్లైడు (యాక్సిలరేటర్ తిప్పితే లేచే గాలి మూత) మూసి ఉంటేనే చోక్ పనిచేస్తుంది. స్టార్టయ్యాక రెండు, మూడు నిమిషాలు ఆగి, మొదటి ఐదు కిలోమీటర్లు 4,000 ఆర్పీఎం దాటకుండా పోండి. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లోపలి లైనరు బీడు ఇనుము. పిస్టన్ ముందు ఉబ్బుతుంది. మధ్యలో ఉన్న సందు మిల్లీమీటరులో నాలుగు శాతం, అంతే.

(తిరుమల ఘాట్‌లో దిగేటప్పుడు బండి ఎందుకు పట్టేస్తుందని ఇంకొకరు అడిగారు.)

ఎక్కేటప్పుడు పట్టదు, దిగేటప్పుడే పడుతుంది, అవునా? 1944నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, రెండో గేర్‌లో ఇంజన్‌తోనే బండిని ఆపుకుంటూ వస్తారు. ఇంజన్ 4,000 మీద తిరుగుతూ ఉంటుంది, లోపలికి పెట్రోల్ వెళ్లదు. ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి ఉంటే ఆయిలూ వెళ్లదు. పంపు ఉన్న బండికి కనీస స్ట్రోకు మేర ఆయిల్ అందుతుంది, అందుకే ఆ 0.20 కొలత ముఖ్యం. దిగేటప్పుడు మూడో గేర్ వేయండి, అరనిమిషానికోసారి క్లచ్చు పట్టి యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదలండి. ముందు, వెనక బ్రేకులు మార్చి మార్చి వాడండి. డ్రమ్ములు వేడెక్కి లివరు మెత్తబడితే పక్కన ఆపి చల్లారనివ్వండి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగులుతుంది.

(పట్టేసిన బోరును వెంటనే ఓవర్‌సైజుకు, అంటే కాస్త పెద్దగా కోయించి పెద్ద పిస్టన్‌కు, వేయించాలా అని మరొకరు అడిగారు.)

అక్కర్లేదు తమ్ముడూ. ముందు లైనరు మీద పిస్టన్ అల్యూమినియం అంటుకుని ఉంటుంది. దూదికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అద్ది ఆ మరక మీద మాత్రమే రాస్తే నురగ వచ్చి కరిగిపోతుంది. చేతులకు గ్లవుజులు, ఆరుబయట చేయాలి, యాసిడ్ పోర్టుల వైపు అల్యూమినియం మీద పడకూడదు. నీళ్లతో కడిగి వెంటనే ఆయిల్ రాయండి, లేకుంటే అరగంటలో తుప్పు. తర్వాత గోరు అడ్డంగా గీస్తే గాడి తగలకపోతే హోనింగు (రాయితో సన్నగా రుద్దడం), కొత్త రింగులతో సరిపోతుంది. గాడి తగిలితే 0.25 మి.మీ. ఓవర్‌సైజు. ఆ మరకలు ఎక్కడున్నాయో మాత్రం కడిగే ముందే ఫోటో తీసుకోండి. నాలుగు మూలల్లో నిలువు గీతలుంటే వేడెక్కకముందే పరుగెత్తించారు. ఎగ్జాస్టు పోర్టు వైపు మాత్రమే ఉంటే పలచని మిశ్రమం, గాలి లీకు. కారణం దొరక్కుండా బోరు వేయిస్తే లేత్ షాపువాడికే లాభం. ఇంక ఈ సీళ్లు ఇటు పంపండి, పట్టి చూడండి.